పెంపుడు నాన్న హస్తవాసి

ఆ ప్రయోగశాలలో ఆయన్ని అందరూ పెంపుడు నాన్న అంటారు. ఇద్దరు కూతుళ్ళను పెంచి పెళ్ళిళ్ళు చేసినవాడే గాని, ఆ పేరు వాళ్ళవల్ల వచ్చింది కాదు. మూత్రపిండాల కణాలను పెంచడం ఆయన ఉద్యోగం.

కణాల గదికి రెండు తలుపులు. మొదటిది మూసుకుంటేగాని రెండోది తెరవకూడదు. లోపలికి వేరే చెప్పులు, వేరే కోటు. గోడవారగా బీరువా అంత ఇంక్యుబేటరు ఉంటుంది. అందులో ఎప్పుడూ మనిషి ఒంట్లో ఉండేంత వేడి. అరల మీద చదునైన ప్లాస్టిక్ సీసాలు, వాటి అడుగున గులాబీ రంగు ద్రవం. అదే కణాలకు తిండి. రంగు పసుపులోకి తిరిగిందంటే తిండి అయిపోయినట్టు. పాతది తీసి కొత్తది పోయాలి. ఆదివారమని కణాలు ఉపవాసం ఉండవు కాబట్టి ఆయనకు ఆదివారం లేదు.

"నీ కూతుళ్ళ పురుళ్ళకైనా ఇన్నిసార్లు పరిగెత్తావా నాయనా?" అని గాజుసామాను కడిగే పిన్ని దెప్పుతుంది.

"వాళ్ళు ఆకలేస్తే ఏడ్చేవాళ్ళు పిన్నీ. ఇవి నోరెత్తవు," అంటాడాయన.

సూక్ష్మదర్శినిలో చూస్తే బాగున్న కణాలు రాళ్ళు పరిచిన వీధిలా ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. ఆరోగ్యం చెడినవి ముడుచుకుని, గుండ్రంగా అయి, సీసా నేల వదిలేసి తేలతాయి. మూత్రపిండాల కణాలకు నేల మీద పట్టు తక్కువ. పిపెట్టులోంచి ద్రవం కాస్త వేగంగా పడితే చాలు, చాప చుట్టినట్టు మొత్తం లేచి వచ్చేస్తాయి. వేరేవాళ్ళ చేతుల్లో లేచిపోయేవి, ఈయన చేతుల్లో లేచేవి కావు. అందుకని ఎవరి ప్రయోగమైనా, కణాలు వేసే చిన్నచిన్న గుంటల పళ్ళెం మాత్రం ఆయన చేతికే వచ్చేది. డాక్టర్ల గురించి చెప్పే మాటను ఇక్కడ ఆయనకు అంటగట్టారు. పెంపుడు నాన్న హస్తవాసి మంచిది, అనేవారు.

ఆయన భార్య ఊళ్ళోని ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేది. నీళ్ళంటే భయపడి గట్టును కరుచుకుని ఏడ్చే పిల్లల్ని ఆవిడకే అప్పగించేవారు. వాళ్ళను బలవంతంగా లాగేది కాదు. పక్కన నీళ్ళలో నిలబడి వాళ్ళమ్మ గురించో, బళ్ళో కొట్టుకున్నవాడి గురించో అడుగుతూ ఉండేది. కబుర్లలో పడి వాడు ఎప్పుడు గట్టు వదిలాడో వాడికే తెలిసేది కాదు. పెళ్ళైన నాటి నుంచీ ఆయనకు సాయంత్రమంటే తడిజుట్టుతో, కొలనులో కలిపే క్లోరిన్ వాసనతో తలుపు తీసుకుని వచ్చే మనిషే.

ఆవిడ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని తెలిశాక ఆ సాయంత్రాలు మారిపోయాయి. రక్తపోటు చాలా కాలంగా ఉంది, పట్టించుకోలేదు. పాదాలు వాచాయి. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఈదితే ఆయాసం. గట్టు మీద కుర్చీ వేసుకుని, ఈల మెడలో వేసుకుని, నీళ్ళలో దిగకుండా నేర్పడం మొదలుపెట్టింది. జుట్టు పొడిగానే ఇంటికి వచ్చేది. ఆ పొడిజుట్టును చూడటం ఆయనకు అలవాటు కాలేదు.

కిడ్నీ డాక్టరు మెత్తగానే చెప్పాడు. "డయాలసిస్ ఇప్పుడే అక్కర్లేదమ్మా. కానీ వస్తుంది. అందుకని చేతిలో ఫిస్టులా ముందే చేయించుకోండి. చిన్న ఆపరేషనే. ఒక నరాన్ని తీసుకెళ్ళి పక్కనున్న ధమనికి కలుపుతాం. అది లావెక్కి డయాలసిస్ సూదికి పనికి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. అవసరం మీద పడ్డాక చేస్తే లాభం లేదు."

"తర్వాత నీళ్ళలో దిగొచ్చా?" ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అది.

"గాయం మానాక దిగొచ్చు. ఆలస్యం చేసి, చివరికి మెడ దగ్గర గొట్టం పెట్టాల్సి వస్తే మాత్రం కుదరదు. అదున్నన్నాళ్ళూ స్నానానికే జాగ్రత్త పడాలి."

ఇద్దరూ తలూపి వచ్చారు. ఆపరేషన్ తేదీ మాత్రం తీసుకోలేదు. దానికి కారణం ఆయన పనిచేసే చోట ఉంది.

కణం బతకడమంటే దాని లోపల పొయ్యి వెలుగుతూ ఉండటమే. పొయ్యి ఉన్నచోట రవ్వలు ఎగురుతాయి. మూత్రపిండం రోజంతా రక్తాన్ని వడకట్టి, పనికొచ్చేదాన్ని వెనక్కి లాక్కునే అవయవం కాబట్టి అక్కడ పొయ్యి పెద్దది, రవ్వలూ ఎక్కువే. మామూలుగా ఆ రవ్వల్ని కణమే ఆర్పుకుంటుంది. ఆర్పే శక్తిని మించి ఎగిరితే ఇల్లు అంటుకుంటుంది. దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. మొక్కలు ఎండలో నిలబడి బతికేవి గనుక వాటి ఆకుల్లో రవ్వల్ని ఆర్పే పదార్థాలు దండిగా ఉంటాయి, వాటికే యాంటీ ఆక్సిడెంట్లని పేరు. ఆ ఆకుల సారం మూత్రపిండాల కణాలను కాపాడుతుందా అన్నది ఆ ప్రయోగశాల మేడం వేసుకున్న ప్రశ్న.

ఆవిడ ఎంచుకున్నది గోడల మీద పాకే ఒక చేదు తీగ. ఆకులు నీడన ఎండబెట్టి, పొడిచేసి, స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, స్పిరిట్ ఎగిరిపోయేదాకా యంత్రంలో తిప్పితే అడుగున జిగురుగా, గోధుమరంగు సారం మిగులుతుంది. దాన్ని చిటికెడు కరిగించి కణాలున్న గుంటల్లో వేస్తారు. రాత్రంతా ఉంచుతారు. పొద్దున్నే సారాన్ని ఉప్పునీళ్ళతో కడిగేసి, పెరాక్సైడు పోస్తారు. పుండ్ల మీద పోస్తే నురగ వచ్చే మందే అది. కణాలకు అది నిప్పు. సారం తాగిన కణాలు దాన్ని తట్టుకుంటే మిగతా గుంటల కంటే అక్కడ ఎక్కువ బతకాలి.

బతికాయి. ఉత్త కణాలు నూటికి ముప్ఫై మిగిలిన చోట, సారం తాగినవి ఎనభై దాకా నిలబడ్డాయి. పళ్ళెం తర్వాత పళ్ళెం అలాగే వచ్చింది. మేడం జాగ్రత్త మనిషి, ఒకసారి చూసి గంతులేసే రకం కాదు. అయినా ఆవిడ నడకలో తేడా వచ్చింది. వ్యాసం రాసి సైన్సు పత్రికకు పంపింది.

ఇంట్లో మాట్లాడకూడదని ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పినా ఆగేవాడు కాదేమో. గుమ్మంలో చెప్పులు విడవకముందే భార్య అడిగేది.

"ఇవాళ ఎంతమంది బతికారండీ?"

"ఎనభై."

"మిగతా ఇరవైమందికి మీరు తిండి సరిగా పెట్టి ఉండరు."

ఆ మాటకు నవ్వుకుని, భోజనాల దగ్గర ఆయన మళ్ళీ మొదటి నుంచి వివరించేవాడు. గుంటల్లోని కణాలు వేరని, మనిషి వేరని, ఆకు మందు కావాలంటే ఏళ్ళు పడుతుందని కూడా చెప్పేవాడు. కానీ ఆ మాటలు ఆయన చివర్లో, గొంతు తగ్గించి చెప్పేవాడు. ఎనభై అన్నది మాత్రం మొదట్లో, గట్టిగా.

డాక్టరు ఆపరేషన్ గురించి మళ్ళీ అడిగితే ఆవిడ తేలిగ్గా దాటేసింది. "ఈ నెల పిల్లలకు పోటీలున్నాయి." తర్వాతి నెల ఇంకోటి. ఇంటికొచ్చాక భర్తతో అసలు సంగతి అంది.

"మీ ఆకు సంగతి తేలనివ్వండి. తేలాక చేయి కోయించుకోవాలో లేదో చూద్దాం."

"అది తేలినా మన చేతికి ఇప్పట్లో రాదే."

"వస్తుందన్నానా? తేలనివ్వమన్నాను."

ఆయన ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆవిడ మళ్ళీ నీళ్ళలో దిగుతుందన్న ఊహను ఆవిడకంటే ఆయనే ఎక్కువ పట్టుకుని వేలాడుతున్నాడు. ప్రయోగశాల నుంచి వచ్చే దారిలో కొలను ప్రహరీ పక్కగా నడిచేటప్పుడు లోపల పిల్లల కేకల మధ్య ఆవిడ ఈల వినబడేది. గట్టు మీద నుంచి వచ్చే ఈల అది. ఆయనకు కావలసింది నీళ్ళలోంచి వచ్చే గొంతు.

ఒక సాయంత్రం ఆవిడ చేతిసంచిలోంచి గుప్పెడు ఆకులు తీసి బల్ల మీద పోసింది.

"కొలను వెనక గోడంతా ఇదే తీగ. ఇదేనా కాదా చెప్పండి."

ఆయన ఒక ఆకు తిప్పి చూశాడు. అదే. వెంటనే అన్నీ పోగుచేసి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది నువ్వు తాగకూడదు. నీ కిడ్నీలు పొటాషియంని బయటికి పంపలేకపోతున్నాయి. ఆకులో అదెంతుందో ఏమో. అది ఒంట్లో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. డాక్టరు చెప్పాడా లేదా?"

"తాగుతానని ఎవరన్నారు? వాసన చూద్దామని తెచ్చాను," అంది. "మీ కణాలు తాగొచ్చు, నేను తాగకూడదు. బాగుంది."

ఆయన ఆకుల్ని వీధి చివర చెత్తడబ్బాలో వేసి వచ్చాడు. అరచేతికి వాటి చేదువాసన అంటుకుంది. సబ్బుతో రుద్దినా కొంచెం మిగిలింది.

ఆ తర్వాత ఆవిడకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆయన సెలవు పెట్టాడు. పత్రికవాళ్ళు ప్రయోగం ఇంకొక్కసారి చేసి చూపమని మేడాన్ని అడిగింది సరిగ్గా అప్పుడే. ఆయన కోసం ఆగకుండా మేడమే పళ్ళెం వేసుకుంది. కణాలు కొన్ని లేచిపోయాయి గాని, మిగిలినవి లెక్కకు చాలు. సారం తాగిన గుంటల్లోనూ, తాగని గుంటల్లోనూ చావు ఇంచుమించు ఒక్కలాగే ఉంది.

ఆవిడ మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

ఆయన తిరిగి వచ్చిన రోజు మేడం కణాల గది బయటే నిలబడి ఉంది. "నాన్నగారూ, నా చేతికి రావడం లేదు. మీ హస్తవాసి నాకు కాస్త అరువివ్వండి."

"మీరు గట్టిగా పోసి ఉంటారు మేడం. భయపడిపోయాయి."

"అయ్యుండొచ్చు. మీరు చేయండి, నేను వెనక కూర్చుని చూస్తాను."

ఆయన చేశాడు. ఎప్పటిలాగే చేశాడు. పిపెట్టు మొనను గుంట అంచుకు ఆనించి, పైపైన ద్రవాన్ని పీల్చాడు. అడుగున పలచటి పొర వదిలేశాడు. గోడవారగా ఉప్పునీళ్ళు ఒక్కసారి జారవిడిచి, మళ్ళీ పైపైనే పీల్చాడు. పాలు తాగి నిద్రపోయిన బిడ్డ మూతి తుడిచినట్టు ఉంది ఆ పని. తర్వాతి గుంటకు వెళ్ళబోతుంటే మేడం అడిగింది.

"అడుగు దాకా పోరా?"

"పోతే లేచిపోతాయి మేడం."

"రెండోసారి కడగరా?"

"ఒకసారే. రెండోసారికి తట్టుకోవు."

"ఎప్పటి నుంచీ ఇలా?"

"మొదటి నుంచీ ఇలాగే. అందుకే కదా నా దగ్గర నిలబడతాయి."

మేడం లేచి వెళ్ళి కొత్త పళ్ళెం తెచ్చింది. అందులో కణాలే లేవు. ఉత్త గుంటలు. కొన్నిట్లో ఆకుసారం చుక్క, కొన్నిట్లో ఉత్త ఉప్పునీళ్ళు. అన్నిట్లోనూ పెరాక్సైడు పోసింది. కాసేపు ఉంచి, పెరాక్సైడు తగిలితే నీలంగా మారే కాగితపు ముక్కలు ముంచింది. ఉప్పునీళ్ళ గుంటల్లో ముక్కలు నీలమయ్యాయి. సారమున్న గుంటల్లో తెల్లగా ఉండిపోయాయి.

"దొంగ వీధి మలుపులోనే దొరికిపోయాడు," అంది మేడం నెమ్మదిగా. "ఇంటి దాకా రానే లేదు. మనమేమో ఇంట్లోవాళ్ళు మహా గట్టివాళ్ళని రాసి పంపాం."

గుంటలో మిగిలిపోయిన సారం పెరాక్సైడును నేరుగా తినేసింది. కణాల మీద నిప్పు పడనే లేదు. పడని నిప్పును అవి తట్టుకున్నదేమీ లేదు. సారం వేయని గుంటల్లో మిగలడానికి సారమే లేదు కాబట్టి అక్కడ నిప్పు పని నిప్పు చేసింది. ఎనభైకి, ముప్ఫైకి మధ్య ఉన్న తేడా మొత్తం ఆయన చేతి మెత్తదనమే.

"తప్పు నాదే మేడం."

"కడగమని కాగితం మీద రాశాను. ఎలా కడుగుతున్నారో ఎప్పుడూ వచ్చి చూడలేదు. బాగా వస్తున్నప్పుడు ఎవరు చూస్తారు?" ఆవిడ చేతి తొడుగులు విప్పింది. "వ్యాసం వెనక్కి తీసుకుంటాను. మీరు ఇంటికి వెళ్ళండి నాన్నగారూ, మొహం బాగాలేదు."

ఆయన మొహం వాడింది వ్యాసం గురించి కాదు. దారిలో కొలను వైపు వెళ్ళలేదు, చుట్టు తిరిగి వెళ్ళాడు.

గుమ్మంలో భార్య అడగనే అడిగింది. ఇవాళ పళ్ళెం వేయలేదని చెప్పాడు. ఆవిడ ఆయన వంక ఓసారి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. భోజనం ముగిసేదాకా ఆయన ఆగగలిగాడు. ఎంగిలి పళ్ళాలు సింకులో వేసి, నీళ్ళు తిప్పి, వెనక్కి తిరక్కుండానే చెప్పేశాడు. ఆకు కణాలను కాపాడలేదనీ, తను సరిగ్గా కడగలేదనీ, ఆ లెక్కలన్నీ అలా వచ్చినవేననీ.

వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"అంటే ఇన్నాళ్ళూ కడక్కుండా వదిలేశారన్నమాట. ఇంట్లో గిన్నెలకు సబ్బు వదిలేసినట్టే."

"అంతే."

"నేను ఎన్నిసార్లు చెప్పాను, రెండు నీళ్ళు పోయమని."

ఆయన నవ్వబోయాడు. ఆవిడ నవ్వడం లేదని తిరిగి చూశాక తెలిసింది. ఎడమచేతిని బల్ల మీద చాపుకుని, మణికట్టు దగ్గర నరాన్ని కుడిచేతి వేలితో తడుముకుంటూ ఉంది.

"నమ్మానండీ," అంది. "నమ్మకూడదని మీరే చెప్పేవారు, అయినా నమ్మాను. మీరు ఎప్పుడైనా లేనిది ఉన్నట్టు చెప్పారా నాకు? చీర బాగోకపోతే బాగోలేదనే మనిషి. ఎనభై అంటే ఎనభయ్యే అనుకున్నాను."

"నాకూ కావాలనిపించింది."

"ఏం కావాలని?"

చెప్పడానికి అది పెద్ద విషయమేమీ కాదు. తడిజుట్టుతో ఆవిడ తలుపు తీసుకుని రావాలి, అంతే. చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఆలస్యం చేశామా?" అని ఆవిడ అడిగింది.

"తెలీదు. రేపు పొద్దున్నే వెళ్దాం."

"మీ కణాలకు తిండో?"

"మేడం పెడుతుంది."

డాక్టరు తిట్టలేదు, దానికే ఇద్దరికీ కొంచెం భయం వేసింది. నరాలు ఇంకా బాగానే ఉన్నాయన్నాడు. మూత్రపిండాలు మాత్రం గతసారి కంటే తక్కువ పనిచేస్తున్నాయి. ఫిస్టులా పక్వానికి వచ్చేదాకా అవి ఓపిక పడితే మెడలో గొట్టం తప్పుతుంది, పట్టకపోతే తప్పదు. ఏది జరుగుతుందో చెప్పలేనన్నాడు. ఆ వారంలోనే ఎడమ మణికట్టు పైన ఆపరేషన్ చేశారు. ఆ చేతికి గాజులొద్దు, బరువొద్దు, రక్తపోటు చూసే పట్టీ చుట్టనివ్వొద్దు అని చెప్పి పంపారు. పోటీలకు సిద్ధమవుతున్న పిల్లల్ని ఆవిడ ఇంకో టీచరుకు అప్పగించింది. అప్పగించేటప్పుడు ఏ పిల్లాడికి దేనంటే భయమో అంతా చెప్పి మరీ వచ్చింది.

ప్రయోగశాలలో ఇప్పుడు పళ్ళేలు రెండుసార్లు కడుగుతున్నారు. అడుగు దాకా పీలుస్తున్నారు. పెంపుడు నాన్నే ఆ పని చేస్తున్నాడు, కణాలు లేచిపోతుంటే చూస్తూ చేస్తున్నాడు. గట్టిగా పట్టుకునేలా గుంటల అడుగున ముందుగా ఒక పూత పూయడం మేడం నేర్చుకుని వచ్చి ఆయనకు నేర్పింది. అలా చేసిన పళ్ళేల్లో సారం తాగిన గుంటలు నూటికి ఏడో ఎనిమిదో ఎక్కువ బతుకుతున్నాయి. అది ఆకు మహిమో, లెక్కలో పొరపాటో తేలాలంటే ఇంకా చాలా చేయాలి. మేడం చేస్తానంటోంది. ఆయనా చేస్తాడు. ఇంటికి వచ్చి మాత్రం ఆ అంకె చెప్పడు, ఆవిడా అడగడం మానేసింది.

ఫిస్టులా పనిచేస్తోందో లేదో రోజూ చూసుకోవాలి. కుట్ల పైన వేళ్ళు ఆనిస్తే లోపల రక్తం జుమ్ముమంటూ పారడం తెలుస్తుంది. అది ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆవిడ నిద్ర లేవగానే తనే చూసుకుంటుంది. అయినా ఆయన మంచం అంచున కూర్చుని ఆ చేయి తీసుకుంటాడు.

"నొక్కకండి."

"నొక్కడం లేదు."

"ఉందా?"

"ఉంది."

"ఉంటే లేవండి మరి. బస్సు పోతుంది."

ఆయన ఆఁ అన్నాడు గాని లేవలేదు. బయట బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. వేళ్ళ కింద రక్తం పరుగు వినపడుతున్నట్టే ఉంది. అది పక్వానికి రావడానికి ఇంకా నెలలున్నాయి, ఆవిడ చేయి వెనక్కి తీసుకోలేదు.